ముప్పై రెండు సారు

"ముప్పై రెండు సారు పోయిండంట" అని మా లెక్కల టీచర్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక మెసేజి వచ్చింది. దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. కాసేపటికి ఒకాయన ఆ పాత వీడియో ముక్కను ఎక్కడినుంచో వెతికి తెచ్చి మళ్ళీ పెట్టాడు. ఇంకొకాయన దానికి నవ్వే బొమ్మ పెట్టి, ఏ సందర్భమో గుర్తొచ్చినట్టుంది, గబుక్కున తీసేశాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయిన రోజు కూడా ఆ ముప్పై రెండేనా?

ఆ వీడియో తీసింది నేను. తీసిన దాన్ని గనక, దాంట్లో పడని సంగతి కూడా చెప్పాల్సిన బాధ్యత నాకుందనిపించింది. సారు పేరు మాత్రం రాయను. బతికున్నప్పుడు ఆయన పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పిల్లలకు లెక్కల సారు, ఊరికి సారు, జిల్లాకు ముప్పై రెండు సారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు సంగతి. ఎమ్మెస్సీ లెక్కలు పాసై, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని పానగల్లో ఇంట్లో కూర్చుని ఉన్నాను. హైదరాబాదులో పాఠాలు చెప్పే ఒక మేడం అప్పుడు మా జిల్లాలో పరిశోధన మొదలుపెట్టింది. పిల్లలు, వాళ్ళకు చెప్పే పంతుళ్ళు లెక్కల్లో కారణం చెప్పడం ఎట్లా నేర్చుకుంటారు అన్నది ఆమె ప్రశ్న. జవాబు వచ్చిందా రాలేదా అన్నది ఆమెకు పట్టదు. ఆ జవాబు దగ్గరికి ఏ దారిన వచ్చారన్నదే కావాలి. దానికి క్లాసులో కెమెరా పెట్టి, తర్వాత ప్రతి మాటా, ప్రతి "ఊఁ" కూడా రాసిపెట్టే మనిషి అవసరమై నన్ను పెట్టుకుంది. "ఏం పని బిడ్డా అది, ఒగలు మాట్లాడుకున్నది ఒగలు రాసుడు?" అని మా బాపు నవ్వాడు. నేను మాత్రం చక్కగా సంచి తగిలించుకుని నకిరేకల్ బస్సెక్కాను.

కేతేపల్లి దాటినాక రోడ్డు మీద దిగి, లోపలికి నడిస్తే వచ్చే ఒక ఊరి హైస్కూలు ఆయనది. మొదటిరోజే నాకు ఆలస్యమైంది. పరుగున పోయి, రొప్పుతూ, "సారీ సార్, బస్సు దొరకలేదు" అన్నాను. ఆయన బోర్డు తుడుస్తూ వెనక్కి తిరగకుండానే, "బస్సు దొరకలేదా, నువ్వు ఇంట్ల లేటుగ బయలెల్లినవా? ఎట్ల చెప్తవ్?" అన్నాడు. ఏమిటీ మనిషి అనుకున్నాను. తిట్టడం కాదని, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

ఆ "ఎట్ల చెప్తవ్?" ఆయన ఊతపదం. మూలమీది హోటలాయన పొయ్యి ఊదుకుంటూ "ఇయ్యాల వాన గ్యారంటీ సార్" అంటే, "ఎట్ల చెప్తవ్?"

"మబ్బు పట్టింది గద సార్."

"నిన్న పట్టలేదా? పడ్డదా?"

"ఛాయ్ తాగుర్రి సార్. మీతోని కాదు."

పెళ్ళి భోజనాల్లో ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండేదని స్టాఫ్ రూములో చెప్పుకునేవాళ్ళు. ఒకసారి వాళ్ళింటికి పోతే ఆయన భార్య నాకు అన్నం వడ్డిస్తూ, "కూర మంచిగైందని ఒక్కనాడు అన్నడా అడుగు. మంచిగైందా అంటే, దేనితోని పోలిస్తె అంటడు. నేనైతే చెప్పుడే బందువెట్టిన" అని వాపోయింది. సారు వినిపించుకోనట్టు పచ్చడి కలుపుకుంటున్నాడు.

మనిషి పొడుగు, కొంచెం వంగి నడిచేవాడు. డస్టరు చేతిలో ఉన్నా బోర్డును అరచేత్తోనే తుడిచేవాడు, తుడిచి ఆ చెయ్యి ప్యాంటు వెనక రాసుకునేవాడు. సాయంత్రానికి అక్కడ తెల్లటి అయిదు వేళ్ళు అచ్చు పడేవి. పిల్లలు వెనక నుంచి చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఆయనకు తెలుసు, పట్టించుకునేవాడు కాదు.

క్లాసులో ఎవరు జవాబు చెప్పినా ఒప్పు అనడు, తప్పు అనడు, ఎట్ల చెప్తవ్ అంటాడు. ఒక పిలగాడు విసిగిపోయి, "గైడుల ఉంది సార్" అన్నాడొకసారి.

"గైడు రాసినాయనకు ఎవలు చెప్పిండ్రురా?"

"ఆయనకు ఆళ్ళ సారు చెప్పిండొచ్చు సార్."

"ఆళ్ళ సారుకు?"

పిలగాడు బుర్ర గోక్కుని, "ఎవలో ఒకలు సొంతంగ చేసుంటరు సార్" అన్నాడు. సారు మొహం వెలిగిపోయింది. "శభాష్! గా ఒకలు నువ్వెందుకు గాకూడదు?" అన్నాడు. ఆ వీడియో చూసి మేడం నాకు రెండుసార్లు ఫోను చేసింది. మేం తిరిగే బళ్ళన్నిటిలో ఈయన క్లాసే మేలని, జిల్లా టీచర్ల శిక్షణలో ఈ పాఠాలే చూపిద్దామని సంబరపడింది. హెడ్మాస్టరు సంగతి సరేసరి. ఆయన అప్పటికే సారు పేరును జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుడి కోసం పంపించి ఉన్నాడు.

దసరా సెలవులయ్యాక తొమ్మిదో తరగతిలో ఆ వృత్తం పాఠం వచ్చింది. పుస్తకంలో లేదది. ఏదో ట్రైనింగులో ఒకాయన సగం చెప్పగా, అంతలో భోజనాల గంట కొడితే, ఆ సగమే పట్టుకొచ్చాడు సారు. ఒక వృత్తం గీయాలి. దాని అంచు మీద చుక్కలు పెట్టాలి. ప్రతి చుక్కనూ మిగతా అన్ని చుక్కలతో తిన్నటి గీతలతో కలపాలి. లోపల ఎన్ని ముక్కలయ్యాయో లెక్కపెట్టాలి. అంతే. ఒక చుక్కయితే గీతే లేదు, వృత్తమంతా ఒకటే ముక్క. రెండు చుక్కలకు రెండు ముక్కలు. మూడుకు నాలుగు, నాలుగుకు ఎనిమిది, అయిదుకు పదహారు.

"ఆరు చుక్కలైతే?" అన్నాడు సారు.

"ముప్పై రెండు సార్!" క్లాసంతా ఒక్క గొంతు.

"ఎట్ల చెప్తవ్?"

"డబుల్ డబుల్ అయితాంది గద సార్!"

"మంచిది. గీసి చూపెట్టుర్రి" అని సరితను బోర్డు దగ్గరికి పిలిచాడు. సరిత నెమ్మదస్తురాలు. అమ్మ, నాయిన బత్తాయి తోటల్లో కూలికి పోతారు. ఆ పిల్ల ఆరు చుక్కలు పెట్టింది, ఒక్కోటి కలుపుతూ గీతలు గీసింది, ముక్కముక్కలో చిన్నచిన్నగా అంకెలు వేసుకుంటూ పోయింది. చివరికి వెనక్కి తిరిగి, "ముప్పై ఒకటి సార్" అంది.

"ఒకటి వదిలేసినవ్ బిడ్డా. మల్ల జూడు."

అంకెలు చెరిపి మళ్ళీ వేసింది. మళ్ళీ ముప్పై ఒకటే.

"నిమ్మళంగ జెయ్యి. తొందరేం లేదు."

ఆయన కసురుకోలేదు, గొంతు పెంచలేదు. ఎంతో ప్రేమగా అన్నాడు. అందుకే ఆ వీడియో ఇప్పటికీ చూడలేను నేను. ముందు బెంచీల నుంచి "ముప్పై రెండే, ముప్పై రెండే" అని గుసగుసలు వస్తున్నాయి. సరిత మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి బోర్డు వైపు కంటే ఎక్కువ సారు మొహం వైపు చూసింది. అంకెలు వేసి, ఆగి, ఇంకో అంకె వేసి, "ముప్పై రెండు సార్" అంది.

"శభాష్! నేను చెప్పలే?" అన్నాడు సారు. క్లాసంతా చప్పట్లు. కెమెరా వెనకాల నేను కూడా, హమ్మయ్య, పాపం పిల్లకు వచ్చింది అనుకున్నాను. ఎమ్మెస్సీ చదివిన నాకు కూడా ఇంకో అనుమానమే రాలేదు.

ఇంటికి పోయి మాటలు రాస్తున్నప్పుడు వీడియో ఆపి బోర్డును దగ్గరగా చూశాను. ఒక ముక్కలో రెండు అంకెలున్నాయి. ఎక్కడ వెయ్యాలో తోచక, ఆ పిల్ల ఒకే ముక్కను రెండుగా లెక్కేసింది. ఏదో అనుమానమొచ్చి కాగితం మీద నేనే గీశాను. ముప్పై ఒకటి. ఇంకా పెద్దగా గీశాను. ముప్పై ఒకటే. మేడంకు ఫోను చేస్తే, "అవునమ్మా, అది ముప్పై ఒకటే. చాలామంది పడిపోయే గుంట అది. నువ్వు మాత్రం ఆయనకు చెప్పకు, ఆయన చూసుకోవాలి" అంది.

మా పద్ధతి అట్లాంటిది. తీసిన పాఠాన్ని ఆ టీచరుకే చూపించాలి. ఆపాలంటే ఆయనే ఆపాలి, మాట్లాడాలంటే ఆయనే మాట్లాడాలి. పక్కన కూర్చున్న మనం నోరు మెదపకూడదు. అంతకుముందు నాకది హాయిగా ఉండేది. ఆ రోజు మాత్రం బస్సులో పోతున్నంతసేపూ ఆ కాగితం మీది ముక్కలే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

బడి వదిలాక స్టాఫ్ రూములో కూర్చున్నాం. సారు హుషారుగా ఉన్నాడు. హోటల్ నుంచి మిర్చీలు తెప్పించాడు. తన "శభాష్" దగ్గర తానే నవ్వుకున్నాడు. అయిపోయాక ఎందుకో, "మల్ల పెట్టు" అన్నాడు. రెండోసారి మధ్యలో చెయ్యెత్తి, "గీడ ఆపు" అన్నాడు.

ఆపాను. సరిత తల ఇటు తిరిగి ఉంది.

"ఈ పిల్ల నన్నెందుకు జూస్తాంది? బొమ్మ అటున్నది గద?"

ఆయన తెర దగ్గరికి వంగి బోర్డు మీది అంకెలు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, మిర్చీల కింది కాగితం నూనె లేని మూల చూసుకుని వృత్తం గీశాడు. లెక్కపెట్టాడు. ఇంకో మూలన ఇంకోటి గీశాడు. కిటికీ అవతల అటెండరు తాళాలు వేసుకుంటూ పోతున్నాడు.

"ముప్పై రెండని నేను ఎట్ల చెప్పినమ్మా?" అన్నాడు చివరికి.

ఊరందరినీ అడిగిన ప్రశ్న అది. దాన్ని తనను తాను అడుగుతుంటే విన్నది నేనొక్కదాన్నే.

"తప్పు చెప్పినందుకు గాదు నా బాధ. ఇన్నేండ్లల్ల మస్తు తప్పులు చెప్పిన. గా పిల్లకు కండ్లముందటున్నది కనవడ్డది. ఉన్నదున్నట్టు చెప్పింది. మల్ల జూడు మల్ల జూడని నేనే ఆమెను గుడ్డిదాన్ని జేసిన" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోను కూడా దాచుకోలేదు.

తెల్లారి మొదటి పీరియడుకే తొమ్మిదో తరగతిని గ్రౌండులోకి తీసుకుపోయాడు. ఆటల కోసం తెచ్చిపెట్టిన సున్నం పొడితో, మేకు పాతి తాడు కట్టి పెద్ద వృత్తం గీయించాడు. ఆరు చుక్కలు పెట్టించి అన్నిటినీ కలిపించాడు. "ఒక్కో ముక్కల ఒక్కలే నిలవడాలె. సరితా, నువ్వు నిలవెట్టు" అన్నాడు. పెద్ద ముక్కల్లో పెద్దవాళ్ళు, నడుమ ఇరుకు ముక్కలో అందరికన్నా బక్క పిల్ల. ముప్పై ఒక్క మందితో ముక్కలన్నీ నిండాయి. బయట ఇంకా కొందరు పిల్లలు, వాళ్ళతో పాటు సారు.

"ముప్పై రెండోన్ని నేను. నా జాగా యాడ?" అన్నాడు.

పిల్లలు ఎగబడి వెతికారు. "లేదు సార్, నిండినయ్! గీడ లేదు, గాడ లేదు!" అని కేకలు, నవ్వులు. సారు చేతులు రెండూ ఎత్తాడు.

"అయితే మొన్న నేను చెప్పింది తప్పు. సరిత ముందుగాల చెప్పిందే నిజం. ఆ పిల్లతోని అబద్ధం చెప్పించింది నేను" అని అందరి ముందరా అన్నాడు. తర్వాత సరిత వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు బిడ్డా. ఎన్ని ముక్కలు?" అన్నాడు.

సరిత నేల వైపు చూడలేదు, ఆయన మొహం వైపు చూసింది.

"మీరెన్నంటె గన్ని సార్."

వెక్కిరింత కాదది. ఆ పిల్లకు వెక్కిరించడం రాదు. సారు సున్నం చేతిని ప్యాంటుకు రాసుకుంటూ నిలబడ్డాడు.

ఆ తర్వాత సరిత ఇంకా ముడుచుకుపోయింది. లేపితే "తెల్వదు సార్" అనేది. తెలిసినదానికీ అదే జవాబు. ఒకరోజు వాళ్ళమ్మ వచ్చింది. "ఏమన్న అన్నరా సారూ? లెక్కల పీరియడంటె కడుపునొస్తుందంటాంది" అంది. సారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఆమె నమ్మితేనా? "సార్లు తప్పు చెప్పుడేంది సారూ. అదే సరిగ్గ జూసుండదు. మీ మాట దాటొద్దని నేను గట్టిగ చెప్త తియ్యి" అని భరోసా ఇచ్చి పోయింది. "విన్నవా అమ్మా" అని నా వైపు చూసి తల పట్టుకున్నాడు సారు.

గోడ అలవాటు అప్పుడు మొదలైంది. పిల్లలెవరైనా జవాబు చెప్పడానికి లేస్తే చాలు, ఆయన వెనక బెంచీ దగ్గరికి పోయి, గోడకు మొహం పెట్టి నిలబడేవాడు. మొహం కనబడితే కదా చదివేది! "శభాష్" కూడా మానేశాడు. ఒప్పుకైనా తప్పుకైనా ఒకటే తీరుగా "ఊఁ, ఎట్ల చెప్తవ్?" ఆ శభాష్ మానేయడమే ఆయనకు కష్టమైంది. "ఆపుకుంటె కడుపుబ్బుతాంది అమ్మా" అనేవాడు నాతో.

పిల్లలు గట్టివాళ్ళు. కొన్నాళ్ళకే, సారు చెవి గోక్కుంటే జవాబు తప్పన్నమాట అని కనిపెట్టారు. ఒకడు సగం జవాబు చెప్పడం, ఇంకొకడు చెవి చూసి సైగ చెయ్యడం. ఇది నేను వీడియోలో చూసి చెబితే సారు పకపకా నవ్వి, మరుసటి రోజు నుంచి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు ఒకరోజు కిటికీలోంచి చూసి, "ఏంది సార్, గోడకు పాఠం చెప్తున్రా?" అన్నాడు.

"గోడ నయం సార్. నా మొఖం జూసి జవాబు మార్చదు."

నల్లగొండలో లెక్కల టీచర్ల శిక్షణ దగ్గర పడింది. ఆ వృత్తం పాఠాన్ని పక్కన పెట్టి, వేరేవి చూపిద్దామంది మేడం. హెడ్మాస్టరు ఇంకా తొందరపడ్డాడు. "పేరు పంపి కూసున్నం సార్. అవార్డు వచ్చేదాక ఆగుర్రి. తర్వాత ఎంత చూపెట్టుకున్నా ఫికర్ లేదు" అని బతిమాలాడు. సారు ససేమిరా అన్నాడు.

"నా మంచి పాఠాలు జూస్తె ఆళ్ళకేమొస్తది? చప్పట్లు కొట్టి ఇంటికి పోతరు. గిదే చూపెట్టుర్రి మేడం. పిల్ల మొఖం కనవడకుండ చెయ్యుర్రి, తల తిరిగినట్టు తెలిస్తె చాలు. నా మొఖం మాత్రం దాచొద్దు" అన్నాడు.

చూపించాం. హాలు నిండా టీచర్లు. "ఒకటి వదిలేసినవ్ బిడ్డా" దగ్గర అందరూ మామూలుగానే చూస్తున్నారు. "శభాష్" దగ్గర ఒకళ్ళిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. సారు లేచి, "పిల్ల ముందుగాల చెప్పిందే నిజం, ముప్పై ఒకటే" అనేసరికి హాలు రెండుగా చీలింది. "అట్లెట్ల సార్, ముప్పై రెండే" అని కొందరు పుస్తకాలు తీసి గీయడం మొదలుపెట్టారు. ఒకాయనకు ముప్పై వచ్చింది, ఒకామెకు ముప్పై మూడు. చుక్కలు మరీ సమంగా పెడితే మధ్యలో గీతలన్నీ ఒకే దగ్గర కలిసి ఒక ముక్క మాయమవుతుందని ఇంకొకామె కనిపెట్టింది. టీ కూడా మరిచిపోయి కొట్లాడుకున్నారు. మేడం ఒక మూలన నిలబడి సంతోషంగా అంతా రాసుకుంది. నాకైతే ఆ మొత్తం శిక్షణలో పంతుళ్ళు నిజంగా లెక్క చేసిన పూట అదొక్కటే అనిపించింది.

ఆ వీడియో ముక్క ఎవరి ఫోనులోకో ఎక్కింది. అక్కడినుంచి జిల్లా దాటి మహబూబ్‌నగర్ దాకా పోయింది. ముప్పై రెండు సారు అని పేరు పడింది. అవార్డు ఇంకొకరికి వచ్చింది, కారణం ఎవరూ చెప్పలేదు. ఆయన బస్టాండులో ఎవరైనా "ముప్పై రెండు సారూ" అని పిలిస్తే "ఆఁ" అని పలికేవాడు. ఉక్రోషం నాకే వచ్చేది.

ముప్పై ఒకటే ఎందుకు వస్తుందో దానికి కారణముంది. మేడం చెప్పబోతే సారు చెవులు మూసుకున్నాడు. "చెప్పకుర్రి మేడం, మేమే ఎతుక్కుంటం. మీరు చెప్తె మల్ల మీ మొఖం జూసి నమ్ముడే అయితది" అన్నాడు. కాబట్టి ఇక్కడ నేనూ చెప్పను. మీరూ గీసుకోండి.

పరిశోధన ముగిసి నేను కెమెరా తిరిగి ఇచ్చేసే ముందు, చివరిసారి బడికి పోతే సారు గేటు దాకా వచ్చాడు. "మీ మేడం రిపోర్టుల నా గురించి ఏం రాస్తదో రాయనియ్యి. నాకైతే ఒక్కటే. గా సరిత నా క్లాసుల మల్ల నోరు తెరవకపోతె, పంతులుగ నేను ఫేలయినట్టే" అన్నాడు. ధైర్యం చెబుదామని, "తెరుస్తది సార్" అన్నాను. "ఎట్ల చెప్తవ్?" అన్నాడు. ఆ రోజు మాత్రం ఆ మాటలో అల్లరి లేదు.

ఇక్కడిదాకా ఎంతో కొంత నలుగురికీ తెలిసిందే. తర్వాతది ఏ వీడియోలోనూ లేదు.

మరుసటి వానాకాలం నాకు టీచరుగా పోస్టింగు వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకుని ఆ బడికి పోయాను. తొమ్మిదో తరగతి పిల్లలంతా పదిలోకి వచ్చి ఉన్నారు. బయట వాన. వరండా నాపరాళ్ళ మీద పెద్ద వృత్తం గీసి, చుట్టూ కూర్చుని ఉన్నారు. ఈసారి ఏడు చుక్కలు. గీతలు లెక్కకు మించి ఉన్నాయి, కొన్ని ముక్కలు గోరంత కూడా లేవు. సరిత వృత్తం లోపల గొంతుక్కూర్చుని, అంకెలు వేసుకుంటూ పోతోంది. అవతల గుంపులుగా మిగతావాళ్ళు తమ తమ కాగితాల మీద, పుస్తకాల్లో లెక్కపెడుతున్నారు. ఒకరు యాభై అయిదు అంటున్నారు, ఒకరు యాభై ఎనిమిది అంటున్నారు.

అంతలో సారు చార్టు చుట్ట పట్టుకుని వచ్చాడు. రాత్రి ఇంట్లో గీసుకున్నాడట. హుషారులో గోడ సంగతే మరిచిపోయాడు. "అరే, నాకు యాభై ఆరు వచ్చినయిరా!" అన్నాడు.

అంతే. "మాక్కూడ యాభై ఆరే సార్!" "మాది గూడ గంతే సార్!" యాభై అయిదులూ యాభై ఎనిమిదులూ అన్నీ చిటికెలో యాభై ఆరులయ్యాయి. ఒక ఏడాది కష్టమంతా వానలో కొట్టుకుపోయినట్టే అనిపించింది నాకు. అప్పుడుగాని ఆయనకు తాను చేసిన పని తెలియలేదు. మొహం పాలిపోయింది. చార్టు చంకలో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. సరైనది యాభై ఏడని మేడం నాకు ఎప్పుడో చెప్పి ఉంది. డబ్బా పట్టుకుని నోరు మూసుకున్నాను.

సరిత తలెత్తలేదు. ఆఖరి మూల దాకా అంకెలు వేసి, లేచి నిలబడి, చేతులు దులుపుకుంది.

"యాభై ఏడు సార్."

అందరూ ఆమె వైపు తిరిగారు. "సారుకే యాభై ఆరొచ్చినయంటె" అని ఎవరో అన్నారు. సరిత సారు మొహం వైపు చూసింది. ఆ చూపును ఎన్నోసార్లు వీడియో ఆపి చూసి, రాసుకున్న దాన్ని నేను. సారు మొహం తిప్పుకోబోయి, తిప్పుకోలేక అట్లాగే ఆమెకు ఎదురుగా ఉండిపోయాడు. సరిత ఆ మొహంలోకే సూటిగా చూస్తూ, "మీరే ఒకటి వదిలేసిన్రు సార్. మల్ల జూడుర్రి" అంది.

సారు "ఎట్ల చెప్తవ్?" అన్నాడు.

"నేను చెప్పుడెందుకు సార్? వచ్చి మీరే లెక్కవెట్టుకోండ్రి" అని ఆ పిల్ల చాక్‌పీసు చాచింది.

సారు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. చార్టు నాకిచ్చాడు. వృత్తంలోకి పోయి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, ఆమె చేతిలోంచి చాక్‌పీసు తీసుకుని, మొదటి ముక్క మీద వేలు పెట్టి, "ఒకటి" అన్నాడు.